హెలికాప్టర్ మోడల్ కిట్‌ను మెరుగుపరచడం: ఏ భాగానికి ఏ దారి?

ప్లాస్టిక్ భాగాలను అతికించి విమానాల మోడళ్లు నాలుగైదు కట్టి చేయి తిరిగినవారు కూడా మొదటి హెలికాప్టర్ కిట్ దగ్గర కొంత తడబడతారు. విమానంలో కాక్‌పిట్ చిన్నది, ఇంజను తొడుగు లోపల ఉంటుంది, రెక్కలు నునుపుగా ఉంటాయి. హెలికాప్టర్‌లో ముందు భాగం చాలావరకు అద్దమే. ఆ అద్దం వెనుక సీట్లు, పెడళ్లు, పైకప్పు మీది స్విచ్చుల వరుసలు అన్నీ బయటికి కనిపిస్తాయి. నడినెత్తిన రోటర్ హెడ్ అనే కడ్డీల, కీళ్ల గుత్తి ఏ తొడుగూ లేకుండా నిలబడి ఉంటుంది. కిట్ తయారీదారు ఎక్కడ సర్దుకుపోయాడో అక్కడే చూసేవారి కన్ను పడుతుంది. అందువల్ల హెలికాప్టర్ కట్టేవారిలో చాలామందికి ఏదో ఒక దశలో కిట్‌ను మెరుగుపరచాలన్న ఆలోచన వస్తుంది.

అప్పుడు ఎదురయ్యే దారులు ఐదు. కిట్‌లో ఉన్న భాగాలనే శ్రద్ధగా సరిదిద్దుకోవడం ఒకటి. ప్లాస్టిక్ షీటు, తీగలతో సొంతంగా భాగాలు చేసుకోవడం, అంటే స్క్రాచ్ బిల్డింగ్, రెండోది. ఇత్తడి ఫోటో ఎచ్ రేకులు, అంటే రసాయనంతో కరిగించి ఆకారాలు తీసిన పలుచని రేకులు, మూడోది. అచ్చులో పోస్తే గట్టిపడే రెసిన్ ద్రవంతో పోత పోసిన భాగాలు నాలుగోది. త్రీడీ ప్రింట్ భాగాలు ఐదోది. మొత్తం కిట్‌కు వీటిలో ఒకదాన్ని ఎంచుకోవాలని చూడటం వల్లనే ఎక్కువమంది చిక్కుల్లో పడతారని నా అభిప్రాయం. ఎంపిక కిట్‌కు కాదు, ఒక్కొక్క భాగానికి జరగాలి; ఆ భాగం ఆకారమే చాలావరకు సమాధానం చెబుతుంది.

ముందుగా చూసుకోవలసిన కొలమానాలు

మొదటిది, మోడల్ పూర్తయ్యాక ఆ భాగం కనిపిస్తుందా అన్నది. ఇది చెప్పినంత తేలికగా పాటించలేము. ఒకసారి నేను రష్యన్ రవాణా హెలికాప్టర్ ఎంఐ-8 మోడల్ ప్రయాణికుల గది కోసం రెండు వారాలు కూర్చుని ఒక్కొక్క సీటుకూ ఇత్తడి బెల్టులు అమర్చాను. తలుపులు మూసి అతికించిన తరువాత ఆ గుండ్రటి చిన్న కిటికీల గుండా టార్చిలైటు వేసి చూస్తే తప్ప ఒక్క బెల్టూ కనిపించలేదు. అప్పటి నుంచి ఏ అదనపు సెట్ కొనే ముందైనా ఫ్యూజలాజ్ (హెలికాప్టర్ శరీరం) రెండు సగాలను మాస్కింగ్ టేపుతో కలిపి, అద్దాలు పెట్టి, మామూలు దూరం నుంచి లోపలికి చూసి, కనిపించినవాటినే కాగితం మీద రాసుకుంటున్నాను.

రెండోది, భాగం ఆకారం. అది పలుచని పలకా, గుండ్రటి కడ్డీయా, నిండైన ముద్దా? మూడోది, బలం, బరువు. చక్రాల కాళ్ల మీద నిలబడే మోడల్‌లో బరువు ఎక్కడ పెరుగుతుందన్నది ముఖ్యం. నాలుగోది, పని చెడితే వెనక్కి రాగలమా అన్నది. కిట్ భాగాన్ని కోసి పారేసి దాని స్థానంలో మరొకటి పెట్టే పద్ధతికి, ఉన్న భాగం మీద అతికించే పద్ధతికి మధ్య ఈ విషయంలో చాలా తేడా ఉంది.

వీటన్నిటికంటే ముందు, మీరు కడుతున్నది ఏ రకమో తేల్చుకోవాలి. ఎంఐ-8టిలో తోక రోటర్ కుడివైపు ఉంటుంది. శక్తివంతమైన ఇంజన్లతో వచ్చిన ఎంఐ-8ఎంటి, ఎంఐ-17 రకాల్లో ఎడమవైపుకు మారింది. ఎంఐ-24లో కూడా తొలి యంత్రాలకు కుడివైపున్న తోక రోటర్ తరువాత ఎడమవైపుకు వచ్చింది. ఒక రకానికి చేసిన రెసిన్ సెట్ మరో రకానికి సరిపోకపోవచ్చు. ఒకే రకానికి చేసినదైనా ఒక కంపెనీ కిట్ కొలతలకు తయారైన కాక్‌పిట్ మరో కంపెనీ కిట్‌లో పట్టకపోవచ్చు. సెట్ పెట్టె మీద ఏ కిట్ పేరు ఉందో చూడకుండా కొనకూడదు.

స్కేలు ఎంపికే సగం నిర్ణయం

ఇంకా కిట్ కొననివారికి ఈ పట్టిక పనికివస్తుంది. మోడల్ రోటర్ వ్యాసాన్ని సెంటీమీటర్లలో ఇచ్చాను; 1/72 అంటే అసలు కొలతలో 72వ వంతు అని అర్థం. హెలికాప్టర్ మోడల్‌కు అల్మారాలో కావలసిన చోటును నిర్ణయించేది సాధారణంగా ఆ కొలతే.

| హెలికాప్టర్ | అసలు రోటర్ వ్యాసం | 1/72 | 1/48 | 1/35 |
|---|---|---|---|---|
| ఓహెచ్-6 | 8.03 మీ. | 11.2 | 16.7 | 22.9 |
| యూహెచ్-1హెచ్ హ్యూయీ | 14.63 మీ. | 20.3 | 30.5 | 41.8 |
| యూహెచ్-60 బ్లాక్ హాక్ | 16.36 మీ. | 22.7 | 34.1 | 46.7 |
| ఎంఐ-24 | 17.3 మీ. | 24.0 | 36.0 | 49.4 |
| ఎంఐ-8 | 21.29 మీ. | 29.6 | 44.4 | 60.8 |

స్కేలు చోటును మాత్రమే కాదు, మెరుగుదల పద్ధతిని కూడా నిర్ణయిస్తుంది. అసలు యంత్రంలో 10 మిల్లీమీటర్ల మందం ఉన్న హైడ్రాలిక్ గొట్టం 1/72లో 0.14 మి.మీ., 1/48లో 0.21 మి.మీ., 1/35లో 0.29 మి.మీ. అవుతుంది. 0.3 మి.మీ. రాగి తీగ 1/35 మోడల్‌లో సహజమైన గొట్టంలా కనిపిస్తుంది. అదే తీగ 1/72లో రెండు సెంటీమీటర్లకు పైగా మందమున్న పైపుతో సమానం. 1/72లో సొంతంగా తీగలు లాగే పనికి త్వరగా హద్దు వస్తుంది, అక్కడ రేకులకే ఎక్కువ ఉపయోగం. 1/35లో ఇందుకు భిన్నంగా, చదునైన రేకులు చదునుగానే కనిపించిపోతాయి. లోతున్న రెసిన్, త్రీడీ భాగాలు, తీగలు అక్కడ రాణిస్తాయి. 1/48 ఈ రెండింటికీ నడుమ ఉంటుంది, అన్ని పద్ధతులనూ కలుపుకోవడానికి అనువైనది అదే.

1/35 గురించి ఒక మాట. జపాన్‌కు చెందిన టమియా తన పాంథర్ ట్యాంకు మోడల్ లోపల బ్యాటరీలు పట్టేలా కొలత పెట్టుకోవడంతో మొదలైన స్కేలు అది. ట్యాంకులకు పుట్టిన ఆ కొలత తరువాత హెలికాప్టర్లకూ పాకింది. సైనికుల బొమ్మలు, వాహనాలు అదే స్కేలులో విరివిగా దొరుకుతాయి గనుక, హెలికాప్టర్ చుట్టూ ఒక దృశ్యం కట్టాలనుకునేవారికి 1/35 తిరుగులేని ఎంపిక. రెవెల్ వారి యూహెచ్-1డి వంటి 1/32 కిట్లు పరిమాణంలో దానికి దగ్గరగా ఉన్నా ఆ సౌకర్యం వాటికి అంతగా లేదు.

మొదటి దారి: కిట్ భాగాలనే సరిదిద్దుకోవడం

దీన్ని అందరూ చిన్నచూపు చూస్తారు గానీ, హెలికాప్టర్ మోడల్‌కు అత్యంత గొప్ప మార్పు తెచ్చేది ఇదే, దీనికి కొనవలసినది కూడా ఏమీ లేదు. కిట్లలో రోటర్ బ్లేడ్లు సాధారణంగా బల్లపరుపుగా, తిన్నగా వస్తాయి. ఆగి ఉన్న అసలు హెలికాప్టర్‌లో పొడవాటి బ్లేడ్లు తమ బరువుకు తామే కిందికి వాలుతాయి. ఎంఐ-8, ఎంఐ-24 వంటి ఐదు బ్లేడ్ల యంత్రాల్లో ఈ వాలు దూరం నుంచే తెలుస్తుంది. తిన్నని బ్లేడ్లతో నేల మీద నిలబడిన మోడల్ ఎంత ఇత్తడి పెట్టినా బొమ్మలాగే ఉంటుంది.

పోలిస్టైరీన్ ప్లాస్టిక్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. మరిగి పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన నీళ్లలో బ్లేడును కొన్ని సెకన్లు ముంచి, వేళ్లతో సున్నితంగా వంచి, వెంటనే చన్నీళ్లలో పెడితే ఆ వంపు నిలుస్తుంది. ఒక్కసారికి చాలకపోతే మళ్లీ చేయవచ్చు. కంటి అంచనాతో ఒక్కొక్కటీ వంచితే ఐదు బ్లేడ్లు ఐదు రకాలుగా తయారవుతాయి. అందువల్ల మందపాటి అట్ట మీద వంపు గీసి కత్తిరించుకుని, ప్రతి బ్లేడునూ దానితో సరిచూసుకోవడం అవసరం. వంపు బ్లేడు పొడవునా ఒకేలా ఉండదు, మొదట్లో తక్కువగా ఉండి కొసకు పోయేకొద్దీ ఎక్కువవుతుంది.

వంచే ముందు ప్రతి బ్లేడు పై ముఖం మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. అమెరికన్ హెలికాప్టర్లలో ప్రధాన రోటర్ పై నుంచి చూస్తే సాధారణంగా గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది, రష్యన్, ఫ్రెంచ్ హెలికాప్టర్లలో ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది. మందంగా, గుండ్రంగా ఉండే ముందంచు ఆ దిశకు ఉండాలి. గుర్తు లేకుండా తలకిందులుగా వంచిన బ్లేడును బిగిస్తే వాలు సరిగ్గానే ఉంటుంది గానీ ముందంచు వెనక్కి వస్తుంది.

అన్ని యంత్రాలకూ ఒకే సూత్రం వర్తించదు. హ్యూయీకి రెండే బ్లేడ్లు, అవి మధ్యలో ఊయల బల్లలా ఊగే ఒకే కీలు మీద ఉంటాయి. నిలిపి ఉంచినప్పుడు వెనుక బ్లేడును పట్టీతో తోక వైపుకు కట్టేస్తారు గనుక వెనుకది కిందికి దిగి, ముందుది పైకి లేచి ఉంటుంది. ఇక ఎగురుతున్న భంగిమలో చూపాలంటే లెక్క పూర్తిగా తిరగబడుతుంది, ఎత్తుశక్తి వల్ల బ్లేడ్లు పైకి లేచి వెడల్పాటి గరాటు ఆకారాన్ని తీసుకుంటాయి.

ఇదే దారిలో మరికొన్ని పనులున్నాయి. బ్లేడు వెనకంచు 1 మి.మీ. మందం ఉంటే 1/48లో అది దాదాపు 5 సెంటీమీటర్లతో సమానం, కాబట్టి కింది ముఖం నుంచి సాండ్ పేపరుతో అరగదీసి పలుచన చేయాలి. ఎగ్జాస్ట్ గొట్టాలనూ, తుపాకీ గొట్టాల కొసలనూ పిన్ వైస్ అనే చిన్న చేతి డ్రిల్లుతో తొలిచి బోలు చేయాలి. అద్దాలను అతికించడానికి సూపర్ గ్లూ వాడకూడదు. దాని ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లని పొగలా పేరుకుంటుంది. ఎండాక పారదర్శకమయ్యే తెల్ల జిగురు చాలు. ముక్కు కింద చక్రం ఉన్న ఎంఐ-8, ఎంఐ-24 వంటి మోడళ్లు తోక మీద కూర్చోకుండా ప్రధాన చక్రాలకు ముందు బరువు పెట్టాలి. ముక్కంతా అద్దమే కావడంతో ఆ బరువును దాచడానికి కాక్‌పిట్ నేల కింద, పైలట్ల వెనుక అడ్డుగోడ మాటున, పైకప్పుకూ ఇంజన్లకూ నడుమ చోటు వెతకాలి. బ్లాక్ హాక్‌కు చక్రం తోక వైపునే ఉంటుంది, హ్యూయీకి చక్రాల బదులు స్కిడ్లు, అంటే పొడవాటి కడ్డీల కాళ్లు, ఉంటాయి కనుక వాటికి ఈ బెడద లేదు.

రెండో దారి: స్క్రాచ్ బిల్డింగ్

రోటర్ హెడ్ మీది నియంత్రణ కడ్డీలు, బ్రేకు గొట్టాలు, యాంటెనాలు, కాక్‌పిట్ వైర్లు గుండ్రటివి. గుండ్రటి వస్తువుకు తీగే సరైన పదార్థం. రాగి తీగ, సీసపు తీగ, 0.25 మి.మీ. ప్లాస్టిక్ షీటు, సన్నని ప్లాస్టిక్ కడ్డీలు ఉంటే చాలా దూరం వెళ్లవచ్చు. స్ప్రూ (కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్కను కొవ్వొత్తి సెగ మీద వేడి చేసి సాగదీస్తే కొసకు సన్నబడే యాంటెనా దొరుకుతుంది. ఇంజెక్షన్ సూది ముక్క వేగాన్ని కొలిచే పిటో గొట్టానికి చక్కగా సరిపోతుంది. సీసపు తీగ ఎటు వంచితే అటు నిలుస్తుంది, అయితే ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి.

ఈ దారిలో ఖర్చు తక్కువ, తప్పు జరిగితే మళ్లీ చేసుకోవచ్చు. కావలసిందల్లా మంచి ఫోటోలు, ఓపిక. ఒకే ఆకారం ఐదుసార్లు అచ్చంగా రావలసిన చోట మాత్రం, ఉదాహరణకు బ్లేడు మొదట్లో ఉండే కీళ్లకు, ఈ పద్ధతి చాలామంది చేతుల్లో ఓడిపోతుంది. నా చేతుల్లోనూ అంతే.

మూడో దారి: ఫోటో ఎచ్ రేకులు

చెక్ దేశంలో 1989లో మొదలైన ఎడ్యుఆర్డ్ వంటి సంస్థలు ఈ రేకులకు పేరు పొందాయి. రేకు మందం సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతు, రెండు పదో వంతుల మధ్య ఉంటుంది కనుక గాలి లోపలికి వెళ్లే జాలీలు, సీటు బెల్టులు, వైపర్లు, మెట్లు, తలుపు పిడులు, దారికి అడ్డొచ్చే తీగలను కత్తిరించేందుకు హెలికాప్టర్‌కు అమర్చే బ్లేడ్లు వంటి పలుచని వస్తువులకు దీనికి సాటి లేదు. ముందే రంగు అద్దిన మీటర్ల పలకలు 1/72లో చేతితో వేసే చుక్కలకంటే ఎంతో శుభ్రంగా కనిపిస్తాయి.

బలహీనత కూడా అదే మందంలో ఉంది. కాలెక్టివ్ మీటను (పైలట్ హెలికాప్టర్‌ను పైకి, కిందికి నడిపే మీట), రోటర్ కడ్డీని రేకుతో చేస్తే పక్క నుంచి చూసినప్పుడు మాయమైపోతుంది. అందుకే పెద్ద రేకు సెట్ కొన్నా అందులో సగం వాడకుండా పక్కన పెట్టడానికి సంకోచించకూడదు. మడతలు ఎక్కువున్న ముక్కను ముందుగా సెగ మీద కాల్చి చల్లార్చితే ఇత్తడి మెత్తబడుతుంది. రంగు అద్దిన రేకులకు ఇది కుదరదు. రేకు మీద రంగు నిలవాలంటే ప్రైమర్ తప్పదు.

నాలుగో దారి: రెసిన్

నిండైన ఆకారాలకు రెసిన్. మెత్తలు నలిగినట్టు కనిపించే సీట్లు, బరువుకు కాస్త అణగిన చక్రాలు, ఇంజను, బోలుగా వచ్చిన ఎగ్జాస్ట్ ఇందులో బాగుంటాయి. ఎగ్జాస్ట్, చక్రాలు, సీట్లు వంటి చిన్న సెట్లు ఎవరైనా ధైర్యంగా వాడవచ్చు. కిట్ ముక్కకు బదులు పెట్టడమే తప్ప వేరే శస్త్రచికిత్స ఉండదు.

పూర్తి కాక్‌పిట్ సెట్ సంగతి వేరు. గోడల మందం వల్ల ఫ్యూజలాజ్ లోపలి వైపును అరగదీయాలి, ఎంత తీయాలో పదేపదే సరిచూడాలి, కొంచెం ఎక్కువైతే బయటి వైపు ప్లాస్టిక్ కాగితంలా పలుచబడుతుంది. అన్నీ అయ్యాక అద్దం మూత సరిగ్గా కూర్చోకపోతే, హెలికాప్టర్‌లో అందరూ ముందుగా చూసే చోటే సందు మిగులుతుంది. పోత దిమ్మలను రంపంతో కోసేటప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు గనుక ముసుగు కట్టుకోవాలి, తడిపి అరగదీయాలి. కాక్‌పిట్ రెసిన్ బరువు ముందుకు పడుతుంది, ముక్కు చక్రమున్న మోడల్‌కు అది లాభమే. ఇంజను సెట్ బరువు వెనక్కి పడితే ముందు పెట్టే బరువును పెంచాలి.

ఐదో దారి: త్రీడీ ప్రింట్

రోటర్ హెడ్ విషయంలో ఇది ఆటనే మార్చింది. అచ్చులో నుంచి బయటికి రాలేని ఆకారాలు, ఒకదాని వెనుక ఒకటి దాగిన కీళ్లు, బోలు లింకులు ఇందులో ఒకే ముక్కగా వస్తాయి. ఉబ్బెత్తుగా ముద్రించిన త్రీడీ డెకాల్ (అతికించే ముద్రిత పొర) మీటర్ల పలకలు 1/48, 1/35లో చదునైన రేకును దాటిపోయాయి, పైగా అతికించడం కూడా తేలికే.

అయితే ఈ భాగాలు పెళుసు. ఆసరా కాడలను లాగితే భాగమే విరుగుతుంది, కాబట్టి పదునైన కటర్‌తో ఒక్కొక్కటిగా తుంచాలి. పొడవాటి బ్లేడ్ల బరువు మోసే సన్నని కీళ్లు ప్రింట్‌వి అయితే, లోపల సన్నని ఇత్తడి కడ్డీ దూర్చి బలం ఇవ్వడం మంచిది. సొంత ప్రింటర్ ఉన్నవారు గట్టిపడని ద్రవ రెసిన్ చర్మానికి తగలకుండా చేతి తొడుగులు వేసుకోవాలి, గదిలో గాలి ఆడేలా చూసుకోవాలి.

భాగాల వారీగా నా ఎంపిక

| భాగం | మొదటి ఎంపిక | అది దొరకకపోతే |
|---|---|---|
| రోటర్ బ్లేడ్లు | కిట్‌వే, వేడినీళ్లతో వంచి | రెసిన్ |
| రోటర్ హెడ్ | త్రీడీ ప్రింట్ | కిట్ భాగం, తీగ కడ్డీలతో |
| మీటర్ల పలక | 1/72లో రంగు రేకు, పెద్ద స్కేళ్లలో త్రీడీ డెకాల్ | కిట్ డెకాల్ |
| సీట్లు | రెసిన్ లేదా ప్రింట్ | కిట్ సీటు, రేకు బెల్టులు |
| జాలీలు, వైపర్లు | ఫోటో ఎచ్ | సన్నని తీగ |
| గొట్టాలు, యాంటెనాలు | స్క్రాచ్ | ఇదొక్కటే |
| ఎగ్జాస్ట్, చక్రాలు | రెసిన్ | తొలిచిన కిట్ భాగం |

ఎవరికి ఏది

ఇది మీ మొదటి హెలికాప్టర్ అయితే ఏ సెట్ కొనకండి. బ్లేడ్ల వాలు, శుభ్రమైన అద్దాలు, పలుచని వెనకంచులు, నాలుగు తీగ యాంటెనాలు చాలు. మరీ కావాలనిపిస్తే కిట్‌కు సరిపడే అద్దాల మాస్కుల సెట్ (రంగు వేసేటప్పుడు అద్దాలను కప్పే ముందే కత్తిరించిన టేపు ముక్కలు) ఒకటి తీసుకోవచ్చు, ఎందుకంటే డజనుకు పైగా ఉండే వంపు కిటికీలకు చేతితో టేపు కత్తిరించడం దగ్గరే కొత్తవారి సహనం నశిస్తుంది.

విమానాలు కట్టిన అనుభవం ఉండి హెలికాప్టర్లకు వస్తున్నవారికి ఒక హెచ్చరిక: మీ అలవాటు మిమ్మల్ని కాక్‌పిట్ సెట్ వైపు లాగుతుంది. బడ్జెట్ ఒక్క సెట్‌కే ఉంటే దాన్ని రోటర్ హెడ్‌కు పెట్టండి. మోడల్‌ను చాలామంది పై నుంచే చూస్తారు, అప్పుడు కంటికి అతి దగ్గరగా ఉండేది అదే.

తలుపులు తెరిచి లోపలి భాగం చూపే దృశ్యం కట్టేవారు మాత్రం ప్రయాణికుల గది మీద పెట్టుబడి పెట్టాలి. గోడల మీది దూది పరుపుల వంటి పొరలు, గుడ్డ సీట్లు, నేల మీది కట్టు కొక్కేలు అక్కడ కనిపిస్తాయి. పోటీకి పంపేవారికి ఇంకో చిక్కు ఉంది. ఒక భాగం అతి సూక్ష్మంగా తయారైతే పక్కన మిగిలిన కిట్ భాగం మొద్దుగా తేలిపోతుంది. ముక్కు జాలీ ఇత్తడిదై తలుపు అంచు మందంగా మిగిలిన మోడల్‌కంటే, అన్ని భాగాలూ ఒకే స్థాయిలో ఉన్న మామూలు మోడల్ నాకు ఎక్కువ నచ్చుతుంది. పాత అచ్చుల కిట్లలో ఉబ్బెత్తు గీతలను అరగదీసి కొత్తగా చెక్కాలా వద్దా అన్న ప్రశ్న కూడా ఇక్కడిదే. ప్యానెళ్లకు అది న్యాయమే, రివెట్లకు కాదు; హ్యూయీ వంటి యంత్రాల రివెట్లు చాలాచోట్ల నిజంగానే ఉబ్బెత్తుగా ఉంటాయి, వాటిని చెరిపేస్తే ఉన్న వాస్తవికత పోతుంది.

చివరి ఎంపిక: రోటర్ అతికించాలా, ఊడేలా ఉంచాలా

ఇది అన్నిటికంటే చివర గుర్తుకొస్తుంది గానీ, ఫ్యూజలాజ్ మూయకముందే తేల్చుకోవాలి. 1/48 ఎంఐ-24 రోటర్‌కు 36 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చోటు కావాలి. ఊడదీయగలిగితే దుమ్ము తుడవడం, పెట్టెలో పెట్టి తీసుకెళ్లడం రెండూ సులభమవుతాయి. రోటర్ ఇరుసు కింద ఇత్తడి గొట్టం, లోపల అందులో దూరే మరో గొట్టం పెట్టడం ఒక మార్గం. ఇరుసు అడుగున చిన్న అయస్కాంతం, గేర్‌బాక్స్ లోపల మరొకటి పెట్టడం రెండో మార్గం. అయస్కాంతం తేలికగా పట్టుకుంటుంది గానీ బరువైన ప్రింట్ హెడ్ ఒక పక్కకు ఒరిగే ప్రమాదం ఉంది, కాబట్టి 1/35లో గొట్టమే నయం. 1/72లో రెండు మిల్లీమీటర్ల అయస్కాంతం సరిపోతుంది. అతికించే ముందు రెండు ముక్కల ధ్రువాలు కలుస్తున్నాయో లేదో ఒకసారి చూసుకోండి.